సత్యవేణిగారి చెయ్యి

ఈ ఉదయం సంపెంగ మొక్క కొందామని ఫోన్‌లో వెతుకుతుంటే ఒక ఫొటో కనిపించింది. మొక్కను పట్టుకున్న చెయ్యి, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి, చూపుడు వేలి మీద అంటు కట్టేటప్పుడు కత్తికి తెగిన పాత మచ్చ. చూడగానే తడి కొబ్బరిపొట్టు వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఆ చెయ్యి సత్యవేణిగారిది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

కడియంలో ఆవిడ నర్సరీలో ఆరేళ్ళు పనిచేశాను. ఫోన్‌లో ఆర్డర్లు రాసుకోవడం, మొక్కలు పార్సిల్ చెయ్యడం నా పని. ఆ ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది నేనే. నాలుగు ఆర్డర్లు ఎక్కువొస్తాయని నా సంబరం. ఒకరోజు పాలకొల్లు నుంచి ఒక పెద్దాయన ఎండుపుల్ల పట్టుకుని వచ్చారు. ఎవరో మా ఫొటోతోనే సగం ధరకు సంపెంగ అని ప్రకటన పెట్టారు. ఈయన ముందే డబ్బు పంపితే ఆ పుల్ల వచ్చింది. ఫొటోలో వెనకున్న మా బోర్డు చూసి వెతుక్కుంటూ వచ్చారు.

“మీ బోర్డే కదండీ ఇది. మిమ్మల్ని నమ్మే పంపానండి,” అన్నారాయన. గొంతులో కోపం కూడా లేదు. నాకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, నా వల్ల ఆవిడ పేరు పోయిందన్న బాధ ఎక్కువైంది. సత్యవేణిగారు పుల్లను గోటితో గీరి చూశారు. లోపల పచ్చదనం లేదు. “మొక్క మాది కాదండి. చెయ్యి మాత్రం నాదేనండి,” అని ఆయనకు మజ్జిగ ఇచ్చి, బలమైన సంపెంగ మొక్క ఒకటి ఏరి ఊరికే ఇచ్చి పంపారు.

“ఫొటో తీసెయ్యమంటారా అమ్మగారూ?” అన్నాను ఏడుస్తూ.

“తీసేస్తే ఇంకోటి ఎత్తుకుపోతారు. ఇకనించి ఎవరు ఫోన్ చేసినా ముందు డబ్బులు పంపొద్దని చెప్పు. వీడియో కాల్ చెయ్యమను. ఆళ్ళు ఏ కొమ్మ అడిగితే అది పట్టుకుని చూపిద్దాం. తిప్పమంటే తిప్పుదాం. ఫొటో ఎవరి మాటా వినదు కదే.”

ఆ తర్వాత ఒకావిడ వీడియో కాల్‌లో ప్రతి ఆకూ తిప్పించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మగారు మాత్రం ఓపిగ్గా ఆకులు తిప్పుతూనే ఉన్నారు. “అడగనీవే. ఇలా అలవాటైతే ఇంకోచోట మోసపోదు,” అన్నారు. ఆ ఓపిక నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు గానీ, అడగడం మాత్రం వచ్చింది.

ఈ ఉదయం ఆ ఫొటో పెట్టి మొక్కలమ్ముతున్న పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. “వీడియో కాల్‌లో మొక్కను కాస్త తిప్పి చూపించండి,” అన్నాను.

“ముందు డబ్బు పంపండి మేడమ్, స్టాక్ అయిపోతోంది.”

“చూశాకే పంపుతానండి,” అనగానే ఫోన్ పెట్టేశాడు. పేజీ మీద ఫిర్యాదు చేశాను. అంతకు ముందే ఆ ఫొటోను నా ఫోన్‌లో దాచుకున్నాను. నేను తీసిన అసలుది పాత ఫోన్‌తోనే పోయింది. ఫొటో ఎవరి మాటా వినదని తెలుసు. అయినా ఆ మచ్చ మీద వేలు పెట్టి, “ఒక్కసారి ఇటు తిప్పండి అమ్మగారూ,” అన్నాను.