లచ్చక్క ఇంట్ల పాలు పొంగినంకనే మిషన్లు మారినయి

మా బిడ్డ సుజాత ఇంట్లనే కూసోని కంప్యూటర్ నౌకరి చేస్తది. ఒక పెద్ద దవాఖాన రోగుల వివరాలన్నీ మూడు మిషన్లు కల్సి దాస్తయట. ఇయ్యాల లాప్‌టాప్‌ల బటన్ ఒత్తి వాటిని కొత్త జాగకు మార్చాలె. మిషన్లు అయిదు నిమిషాలకన్న ఎక్కువ ఆగితే దాని నౌకరికే ముప్పు.

కొత్త జాగ అనంగనే నాకు భయమైంది. మా పెద్ద కొడుకు కాలం జేసి ఏడాది నిండలే. ఏడాది లోపల కొత్తింట్లకు పోతరా ఎవలన్న?

"బిడ్డా, గీ పని మనింట్ల వద్దు. పక్కింటి లచ్చక్క ఇంట్ల చెయ్యి."

"అమ్మా, మారేది మిషన్లే, మనం కాదు!"

"మార్చేది నువ్వే గద!"

లాప్‌టాప్ సంకల పెట్టుకొని పోయింది పాపం. లచ్చక్క పొయ్యి మీద పాలు పెట్టింది. అవి పొంగేదాక బటన్ ఒత్తనియ్యలే నేను. దాని సారు ఫోన్ల ఒకటే మొత్తుకునుడు. "పాలు పొంగుతున్నయి సార్" అన్నది నా బిడ్డ.

నాలుగు నిమిషాలల్ల అయిపోయింది. "అన్నీ వచ్చినయా? ఏదన్న ఎనుక ఉండిపోయిందా?" అని మూడుసార్లు అడిగిన.

"అన్నీ వచ్చినయే అమ్మా."

గా మాటకు పెద్ద కొడుకు యాదికొచ్చి లచ్చక్క ఇంట్లనే ఏడ్చిన, మళ్ల నవ్విన.

గా పాలతోని లచ్చక్క పాయసం చేసింది. సారుకు గూడ కావాల్నట. దవాఖాననంత మోసిన నా బిడ్డకు గా లాప్‌టాప్‌ల గిన్నెడు పాయసం పంపుడు రాదంట. మీల ఎవలికన్న వస్తదా?