నర్మద ఇచ్చిన మూలుగ

నేను ఏడో తరగతి దాక మా ఊరి బడిలనే చదివిన. ఆ చదువుతోనే మెట్‌పల్లిల మా పద్మశాలి సంఘానికి మూడు మార్లు అధ్యక్షుడినైన. సంఘ భవనం నా హయాంలనే లేచింది. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసేటోళ్లకు గుర్తింపు కార్డులు ఇప్పించింది నేనే. విడిపోతమన్న ఆలుమగలను ఎంతమందిని కలిపిన్నో మా వాడకట్టుల ఎవలనడిగినా చెప్తరు. భవనం ముంగట శిలాఫలకం మీద లక్ష్మీరాజం అన్న పేరు ఇప్పటికీ ఉన్నది. ఇంత పెద్దరికం చేసిన నాకు తోచని సంగతి నా మేనకోడలు నర్మదకు తోచింది. అందుకే ఆమె గురించి రాస్తున్న.

నర్మద మా అక్క బిడ్డ. లక్సెట్టిపేటకు ఇచ్చినం. అత్త భూమవ్వతోని కూసోని బీడీలు చుడుతది. పెనిమిటి హరీష్ మస్కట్‌ల ఉంటడు. నలుగురిల మాట్లాడమంటే నర్మద కొంగు నోట్లె పెట్టుకుంటది.

ఆమెకు తోడబుట్టినోడు ఒక్కడే, పరశురాములు. సాంచెలు నడుపుతడు. పోయిన ఎండకాలం మనిషి తెల్లగ పాలిపోయిండు, చిగుళ్లకెళ్లి నెత్తురు కారింది. హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తీస్కపోతే, బొక్కల, అంటే ఎముకల, మూలుగ నెత్తురు తయారు చేసుడు బంద్ చేసిందన్నరు. సరిపడే మనిషి మూలుగ ఎక్కిస్తేనే దక్కుతడట. రక్తసంబంధం ఉన్నోళ్లను తీసుకరమ్మన్నరు.

జీపు మాట్లాడి పరశురాములు పాలోళ్లను, ఒక్క ఇంటిపేరు, ఒక్క గోత్రం ఉన్న మగోళ్లందరినీ ఎక్కించిన. ఒక్కరి మూలుగ గూడ కలువలే. నర్మదను ఎవ్వరం పిలువలే. పెండ్లయినంక ఆడపిల్లది ఇంటిపేరు, గోత్రం రెండూ మారుతయి గనుక ఇగ అత్తగారి మనిషే అని మా లెక్క.

నర్మదనే ఫోన్ చేసింది. “మామా, ఊరందర్ని జీపెక్కించినవట. నన్ను మర్శినవా?”

“నువ్వు వేరే గోత్రపుదానివైతివి గద బిడ్డా.”

“గోత్రం పెండ్లి చేసిన అయ్యగారు మార్చిండు. మమ్మల్నిద్దర్ని కన్న అవ్వ కడుపును గూడ మార్చిండా?”

పరీక్ష చేస్తే పూరాగ కలిసింది.

భూమవ్వ మాత్రం కోడలి వెంబడే దవాఖానకొచ్చి నా మీద పడ్డది. “ఎన్నుపూసలకెళ్లి తీస్తరట అన్నా! రేపు దీని నడుము పడిపోతే బీడీలెవలు చుడుతరు, నీ సంఘమా? దీని పేరు గూడ నీ బండ మీద చెక్కిస్తవా?”

“ఫికర్ చెయ్యకు చెల్లె, నేను మాటిస్తున్న” అన్న. డాక్టరమ్మకు గూడ అదే చెప్పిన, మా పిల్ల ఇస్తదని.

“మీ మాట నాకు పనికిరాదు పెద్దాయనా, ఆమె మాట కావాలె” అని డాక్టరమ్మ నర్మదనొక్కదాన్నే లోపలికి తీస్కపోయి తలుపేసింది.

లోపల ఏమైందో నర్మద తర్వాత చెప్పింది. ఎన్నుపూసను ముట్టరట. కొన్ని దినాలు సూదులిస్తే మూలుగల ఉండే విత్తనాల్లాంటి కణాలు నెత్తుట్లకు వస్తయి. ఒక చేతికెళ్లి నెత్తురు తీసి, మిషను వాటిని వేరు చేసి, మిగిలింది ఇంకో చేతికి ఎక్కిస్తది. ఒళ్లు నొస్తది, తర్వాత సర్దుకుంటది. ఇవన్నీ చెప్పి డాక్టరమ్మ ఇంకోమాట అన్నదట: “ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. నీ ఒంటికి పడదని మాత్రమే బయట చెప్త, అసలు సంగతి ఎవ్వరికీ చెప్ప. కాని నీ మూలుగ ఎక్కించే ముంగట మీ అన్నకు గట్టి మందు మొదలుపెడితే ఉన్న మూలుగంత పోతది. అప్పుడు నువ్వు వెనక్కి తగ్గితే ఆయన బతకడు. నువ్విచ్చినా బతుకుతడన్న గ్యారంటీ లేదు.”

నర్మద బయటికొచ్చింది. “ఒప్పుకున్నవా?” అన్న.

“ఇంకా ఒప్పుకోలే మామా.”

నర్మద మస్కట్‌కు ఫోన్ చేస్తే హరీష్ “నీ పాణం, నీ ఇష్టం” అన్నడట. తెల్లారి ఆమె అన్నను ఆయన పండుకున్న గది అద్దంలకెళ్లి చూసి, మధ్యాహ్నం దాక వరండాల కూసున్నది. తర్వాత లేచి, నా దిక్కు చూడకుంటనే, ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఇస్తనని చెప్పింది.

సూదులకు బొక్కలు సలిపి దువ్వెన గూడ పట్టలేకపోయింది. కాళ్లు పిసికింది భూమవ్వనే, నన్ను తిట్టుకుంటనే.

ఎక్కించిన మూలుగ ఒంట్ల అంటుకోని నెత్తురు తయారు చేసుడు షురూ చేసింది. పరశురాములు ఇల్లు చేరిండు. మూతికి గుడ్డ, వేడివేడి అన్నం, మాటిమాటికి పరీక్షలు. ఇంకా గండం దాటలేదనే అంటున్నరు.

సంఘం సభల నర్మదకు శాలువ కప్పుదామని నేను ఖాయం చేసిన. మాట వినంగనే వద్దన్నది.

“నాకు కప్పితే, రేపు ఇయ్యలేని పిల్లకు నన్ను చూపెడతరు మామా. నర్మద ఇయ్యలేదా అని తరుముతరు. నాకైతే వద్దనే తొవ్వ ఉండె. ఆ పిల్లకు ఉండొద్దా?”

నేనింతమందికి శాలువలు కప్పిన, వద్దన్నోళ్లను చూడలే. పోనీ నీ గురించి రాస్తనన్న.

“రాస్తే నేను భయపడ్డది గూడ రాయి” అన్నది.