ఒడ్డు పద్యానికి రాని వన్స్‌మోర్

రంగూన్‌లోని పజుండౌంగు పేటలో అచ్చమ్మ గొంతు సంగతి తెలియనివాళ్లు లేరు. కాలువ ఈ ఒడ్డున నిలబడి ఆమె కేకేస్తే ఆ ఒడ్డున సాంపాన్ పడవ నడిపేవాడు తెడ్డు ఆపి, తననే పిలిచిందేమోనని తల తిప్పేవాడు. మొగుడు రేవులో మూటలు మోశాడు, మోసీ మోసీ పోయాడు. తను అపరాల గోదాములో చాట ముందు కూర్చుని పెసలూ మినుములూ ఏరుతూ ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి ఓ ఇంటివాళ్లను చేసింది. చదువంటారా, రెండో తరగతి పుస్తకానికి అట్ట చూసింది గానీ లోపలేముందో చూడలేదు. అయినా నాటకం దగ్గరికొచ్చేసరికి పెద్ద పెద్ద మేస్త్రీలు కూడా ఆమె నోటికేసి చూసేవారు.

సైన్యం గద్దెనెక్కక ముందు, ఏటా అమ్మవారి పండగకి గుడి ఆవరణలో 'కడలిరాజు' ఆడేవారు. రేవులో గుమస్తాగా పనిచేసిన ఒకాయన రాసిన నాటకం అది. రాజు ముందు ఓడలో దేశం దాటి వస్తాడు. పెళ్లామూ బిడ్డా వెనక ఓడలో రావాలి. ఆ ఓడ రాదు. ఒడ్డున నిలబడి రాజు పద్యం ఎత్తుకుంటాడు. దాన్నే మనవాళ్లు ఒడ్డు పద్యం అనేవారు. కళింగపట్నం నుంచో విశాఖపట్నం నుంచో ఓడెక్కి వచ్చి రంగూన్‌లో దిగిన జనానికి ఆ పద్యం వింటే ఏడుపు ఆగుతుందా? మూటలు మోసే మగాళ్లు కూడా తువ్వాళ్లు నోట్లో కుక్కుకునేవారు.

రాజు వేషం కూర్మనాథం మాస్టారిది. నది అవతల దలాలో పడవలకు రంగులేసే మనిషి. వేళ్ల సందుల్లో ఎర్రరంగు ఎప్పుడూ వదిలేది కాదు. కిరీటం పెట్టుకున్నాక ఆ చేతులే రాజు చేతులయిపోయేవి. పద్యం చివర 'రావే' అనే మాట దగ్గర ఆయన రాగం తీసేవాడు. ఆ రాగానికి ఒక కట్టుబాటుంది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఆడవాళ్ల వైపు నుంచి అచ్చమ్మ 'వన్స్‌మోర్' అని కేక వేసేదాకా ఆయన ఆ రాగం దించడు. ఆమె కేక పడగానే మగాళ్ల వైపు నుంచి వంద గొంతులు లేచేవి. హార్మోనియం మళ్లీ మొదటికి వచ్చేది. పద్యం బాగా లేకపోతే అచ్చమ్మ కిళ్లీ నోట్లో పెట్టుకుని అటు తిరిగి కూర్చునేది. అంతే, ఆ వేషగాడు మర్నాడు వీధిలో తలెత్తుకు తిరగలేడు. ఆమె ఒప్పుకోని పద్యానికి ఆ పేటలో విలువ లేదు, ఆమె ఒప్పుకున్న పద్యానికి అడ్డు లేదు. ఆ గర్వం ఆమెకు నడుంలో వడ్డాణంలా ఉండేది. అసలు వడ్డాణం ఎలాగూ లేదు.

తర్వాత కాలం మారింది. దుకాణాలు సర్కారువయ్యాయి. ఓడలకు ఓడలు జనాన్ని ఎక్కించుకుని ఇండియా వెళ్లిపోయాయి. ఆడవేషం కట్టే బంగారయ్య వెళ్లాడు, తబలా వాయించేవాడు వెళ్లాడు. మిగిలినవాళ్లకు నాటకం కాదు, గుక్కెడు మాట మాట్లాడుకోవడమే భయమయింది. బయటినుంచి ఉత్తరం ముక్క రాదు, హార్మోనియానికి ఒక మెట్టు పాడయితే తెప్పించుకునే దారి లేదు. పాతికేళ్లు అలా గడిచాయి. పిల్లలు బర్మా మాటలోనే నవ్వడం, బర్మా మాటలోనే తిట్టుకోవడం నేర్చారు.

ఆఖరికి ఎనభై ఎనిమిది ఆగస్టు వచ్చింది. సైన్యం దిగిపోవాలని ఊరు ఊరంతా రోడ్లమీదికి వచ్చి అరిచింది. తర్వాత తుపాకులు అరిచాయి. మన పేట నుంచి వెళ్లిన కుర్రాళ్లలో శంకర్ ఒకడు. వాణ్ణి ఇన్సేన్ జైల్లో పెట్టారు. వాడి తమ్ముడు బంగారురాజుకి పాతికేళ్లుంటాయి. తలుపులు బిగించుకుని కూర్చున్న జనాన్ని ఒక్క పూటైనా ఒక చోట కూర్చోబెట్టాలని, మరుసటి సంవత్సరం పండక్కి 'కడలిరాజు' మళ్లీ ఆడిద్దామని లేచినవాడు వాడే. పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. మాస్టారు గుర్తు తెచ్చుకుని చెబుతుంటే పిల్లలు బర్మా అక్షరాల్లో రాసుకున్నారు. వార్డు ఆఫీసు వాళ్లు పగటిపూట, గుడి గోడ లోపల, నినాదాలు లేకుండా ఆడుకోమని కాగితం ఇచ్చారు.

నాటకం ముందురోజు బంగారురాజు అచ్చమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మామ్మా, రేపు ముందు వరసలో నీకు సాప ఏయించినాను. అయితే ఒక మాట. నువ్వు కేకలెయ్యకూడదు."

"ఏటన్నావు?"

"వన్స్‌మోర్ అనొద్దంతన్నాను. నువ్వొక్కదానివి అరిస్తే వందమంది అరుస్తారు. బయట లారీలో సోల్జర్లుంటారు. లోపలేటి జరుగుతందో ఆళ్లకేటి తెలుస్తాది?"

"ఒరే, మీ అయ్య నిక్కరేసుకోక ముందునుంచీ అరుస్తన్నాను. నువ్వు పుట్టినప్పుడు ఏడవకపోతే నాను కేకేసినాకే ఏడ్సినావు. అలాటిది నన్ను నోరు మూసుకోమంతావా?"

"మూసుకోమన్లేదు మామ్మా. బాగుంటే సప్పట్లు కొట్టు. ఎక్కువ కాకుండా."

"సప్పట్లెందుకురా, దోమల్ని సంపడానికా?"

వాడు నవ్వబోయి ఆగాడు. "నీకు దణ్ణం పెడతాను మామ్మా" అని వెళ్లిపోయాడు. అచ్చమ్మ చాటలో గింజల్ని ఓసారి గట్టిగా ఎగరేసింది. నా నోరు వద్దన్నారు కదా, నా నోరు లేకపోతే నాటకం ఎలా ఉంటుందో రేపు అందరూ చూస్తారు, అనుకుంది. ఈ ముక్క ఇక్కడే తేల్చి చెప్పాలి, ఎందుకంటే తర్వాత పేటంతా మరోలా చెప్పుకుంది. అది భయం కాదు. బుద్ధి కాదు. ఉత్త పంతం.

మర్నాడు పదింటికి గుడి ఆవరణ నిండిపోయింది. ముసలమ్మలు ఉతికిన చీరలు కట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి ముందే కొంగులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. తెర లేవకముందే ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. కుర్రకారు మాత్రం తెల్లటి ఎండలో మొహానికి రంగు పూసుకున్న మనుషుల్ని చూసి ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. రాణి వేషం వేసిన ఆశ 'ప్రాణనాథా' అనలేక ఏదో అంది. అందరూ నవ్వారు. ఎవరైనా రాగం తీస్తే పాట అయిపోయిందనుకుని మధ్యలోనే చప్పట్లు కొట్టారు. యుద్ధం దగ్గర కొట్టాల్సినవాళ్లు ఏడుపు దగ్గర కొట్టారు. అచ్చమ్మకు లోపల ఎక్కడో తృప్తిగానే ఉంది. నేర్పేవాళ్లను నోరు మూసుకోమంటే ఇలాగే ఏడుస్తుంది, అనుకుంది.

మాస్టారు వచ్చారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. కిరీటం నుదుటి మీదికి జారుతోంది, కాళ్లు సన్నబడ్డాయి. ఒడ్డు పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదం దగ్గర గొంతు కాస్త గరగరలాడింది. రెండో పాదానికి సర్దుకుంది. మూడో పాదం వచ్చేసరికి నవ్వుతున్న కుర్రకారు కూడా నోళ్లు మూశారు. ఆ గొంతులో వయసులో ఉన్న బిగువు లేదు, నిజమే. కానీ అప్పుడు ఓడ కోసం చూసే రాజు పాడేవాడు, ఇప్పుడు ఓడ ఇక రాదని తెలిసిన మనిషి పాడుతున్నాడు. అచ్చమ్మ చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

'రావే' అని రాగం తీసి, కుడిచెయ్యి చెవి దగ్గర పెట్టి, మాస్టారు ఆడవాళ్ల వైపు చూశారు. సరిగ్గా అచ్చమ్మ కూర్చున్న చాపవైపు.

హార్మోనియం సత్యప్రసాద్ మెట్టు నొక్కి పట్టుకున్నాడు. అచ్చమ్మ పెదవులు బిగించింది. రాగం ఒక చుట్టు తిరిగి వచ్చింది. మాస్టారు మళ్లీ చూశారు. కేక ఆమె గొంతు దాకా వచ్చింది, నాలుక మీదికి కూడా వచ్చింది. అప్పుడే ఆ పక్కన గోడవార నిలబడ్డ బంగారురాజు కనిపించాడు. వాణ్ణే వచ్చి అడగమను, అనుకుంది. కేకను మింగేసింది. మింగి, బొడ్లోంచి కిళ్లీ తీసి నోట్లో పెట్టుకుని, అటు తిరిగింది.

మాస్టారు రాగం దించలేదు. కట్టుబాటు తెలిసిన మనిషి, ఎలా దించుతాడు? మూడో చుట్టు ఎత్తుకున్నాడు. ఊపిరి చాలలేదు. గొంతు ఎండుకర్ర విరిగినట్టు విరిగింది, దగ్గు తెర వచ్చింది. వంగిపోయి దగ్గుతుంటే మీసం ఒక పక్క ఊడి వేలాడింది. వెనక ఎవరో పిల్ల కిసుక్కుమంది. దాన్ని చూసి ఇంకొకళ్లు, వాళ్లను చూసి మరొకళ్లు. ఆవరణంతా నవ్వు పాకింది. ఎవరో గబగబా తెర లాగేశారు.

అచ్చమ్మ నోట్లో కిళ్లీ గడ్డిలా అయిపోయింది.

నాటకం ఎలాగో ముగిశాక బంగారురాజు నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. "మామ్మా, నా మాట నిలబెట్టినావు. నిన్న నీకు సెప్పలేకపోనాను. ఇయ్యేల ఇక్కడేదైనా గొడవయితే అక్కడ అన్న మీద పడతాదని మాయమ్మ రాత్రంతా నిద్దరోలేదు. నువ్వు ఆడి గురించే ఆగినావని నాకు తెలుసు."

శంకర్. ఆ పేరు ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు. తన చేతుల్లో పుట్టిన పిల్లాడు ఇన్సేన్‌లో ఉన్నాడన్న సంగతి ఆ పూటంతా ఆమె మనసులో లేదు. ఉన్నదల్లా తన నోరూ, తన చాపా, తన మాటా. చుట్టూ ఆడవాళ్లు 'పెద్దతనమంటే అదీ' అని మెచ్చుకుంటున్నారు. కాదని ఒక్క మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ నోరే.

అంతటితో అయినా బాగుండేది. కుర్చీలో కూర్చుని నాటకమంతా చూసిన వార్డు ఆఫీసు పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆగాడు. పజుండౌంగులోనే పుట్టి పెరిగిన బర్మా మనిషి. "డా అచ్చమ్మా, చిన్నప్పుడు ఈ గోడెక్కి చూసేవాణ్ణి. ఆ ఒడ్డు పాట మీవాళ్లు ఊ కూర్మా చేత మూడేసి సార్లు పాడించేవారు. మొదటి కేక మీదే కదా? ఇవాళేం, ఒక్కసారితో వదిలేశారు?" అన్నాడు బర్మా మాటలో, పెద్దవాళ్ల పేర్లకి వాళ్లు మర్యాదగా తగిలించే 'డా', 'ఊ' కలిపి.

బంగారురాజు తడబడ్డాడు. "మీరే అరవొద్దని కాగితం ఇచ్చారు కదండీ."

"నినాదాలు వద్దన్నాను. పాట మళ్లీ పాడమనడం నినాదమా?" అని ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

ఆ మాట మనసారా అన్నాడో, అంతా అయిపోయింది కదా అని అన్నాడో దేవుడికి తెలియాలి. బయట లారీ బయటే ఉంది. బంగారురాజు భయంలో తప్పు లేదు. కానీ 'అరవొద్దన్నారు కాబట్టి ఆగాను' అని అచ్చమ్మకు దాక్కోవడానికి ఉన్న ఒక్క చాటూ ఆ నవ్వుతో పోయింది.

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు గోదాముకీ వెళ్లలేదు. మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కి దలా వెళ్లింది. మాస్టారి కోడలు జయంతి తలుపు తీసి, "నిన్నటినుంచీ మాటాడ్డం లేదు అత్తా. నువ్వొచ్చినావుగా, మాటాడతాడులే" అంది.

మాస్టారు చాప మీద గోడకానుకుని కూర్చున్నారు. చెంప మీద రంగు ఇంకా పూర్తిగా పోలేదు.

"రా అచ్చెమ్మా. కూకో. నిన్న నాకు బుద్ది లేకపోయింది."

"నీకేటి మాస్టారూ, నీకేటయింది?"

"ఆ కుర్రోడు ముందే సెప్పినాడు, ఎవులూ అరవరని. నానే ఇనలేదు. అందరూ ఆగినా అచ్చెమ్మ ఆగదులే అనుకున్నాను. ఎర్రిబాగులోణ్ణి. తుపాకులకి అందరం బయపడతాం. నువ్వు మాత్రం మనిసివి కావా?"

చక్కగా పరిచి పెట్టిన చాప లాంటి మాట. కూర్చుంటే చాలు. జీవితంలో ఎవరికీ భయపడలేదని చెప్పుకున్న మనిషికి, పిరికిదన్న పేరు కూడా ఆ క్షణాన తియ్యగా అనిపించింది. ఆ తీపికే ఆమెకు మరీ సిగ్గేసింది.

"నాను బయపడలేదు మాస్టారూ."

"మరి?"

"ఆ గుంటడు నన్ను అరవొద్దన్నాడని కోపమొచ్చింది. నాను నేకపోతే నాటకం ఏటవుతాదో సూపిద్దామనుకున్నాను. పంతానికి నోరు మూసినాను. రెండుసార్లు నువ్వు నాకేసి సూసినావు. రెండుసార్లూ సూసినాను."

జయంతి రెండు గ్లాసుల టీ పెట్టి వెళ్లింది.

"బయపడ్డావనుకుని రాత్రే మనసులోంచి తీసేసినాను" అన్నారు మాస్టారు. "ఇప్పుడు మల్లీ మొదలెట్టాలి."

"తిట్టు మాస్టారూ. నీ సెప్పు తీసి కొట్టు."

"అదంతా ఎందుకు. ఒకటడుగుతాను, సెప్పు." ఆయన ముందుకు వంగారు. నాటకంలో ఎప్పుడూ లేని బెరుకు ఆ మొహంలో కనిపించింది. "గొంతిరిగినాక సంగతి కాదు. అంతకు ముందు. పద్యం ఎలాగుంది? వన్స్‌మోర్ అనిపించుకునే పద్యమేనా?"

"నీ మీదొట్టు మాస్టారూ, వయసులో ఉన్నప్పుడు కూడా అలా పాడలేదు నువ్వు. నా ఒళ్లు జలదరించిపోనాది."

ఆయన కళ్లు ఒక్కసారి వెలిగాయి. వెలిగి, అచ్చమ్మ మొహం మీదే కాసేపు వెతికాయి. మెల్లగా ఆరిపోయాయి.

"ఏటి సెయ్యను అచ్చెమ్మా. ఇన్నేళ్లూ నీ నోటిని నమ్మినాను. నువ్వు అరిస్తే బాగుంది, అరవకపోతే బాగోలేదు. నిన్న బాగున్నదానికి అరవలేదంతన్నావు. మరి ఇయ్యేల బాగుందంటే అది నిజమో, ముసిలోణ్ణి సూసి జాలో, నాకెలా తెలుస్తాది?"

అచ్చమ్మ నోరు తెరిచింది. ఒట్లు చాలానే వచ్చు ఆమెకు. అమ్మవారి మీద, పిల్లల మీద, పోయిన మొగుడి మీద. ఏ ఒట్టు పెట్టినా అది ఈ నోటితోనే పెట్టాలి. టీ మీద మీగడ కట్టింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆమె లేచి వెళ్లిపోలేక, కూర్చోనూ లేక, చివరి ఫెర్రీ వేళయిందని జయంతి వచ్చి చెప్పేదాకా ఆ చాప అంచునే ఉండిపోయింది.