నవ్వుల సవోదత్ సమర్కంద్ వెళ్ళిన రోజు

మా ఊరు పంజికెంత్‌లో సవోదత్ డప్పు మోగకుండా ఆడవాళ్ళ పెళ్ళి విందు మొదలయ్యేది కాదు. యాభై ఏడేళ్ళ మనిషి, బలమైన చేతులు, నవ్వితే మెరిసే రెండు బంగారు పళ్ళు. పెళ్ళికూతురి అత్తగారిని పాటలో పెట్టి ఏడిపించినా ఆ అత్తగారే లేచొచ్చి ఆమె నోట్లో మిఠాయి పెట్టేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషని ఊరంతా చెప్పుకునేవారు. అలాంటి నోట్లో ఒక కబురు ఈ వసంతంలో నలభై రోజులు నానింది. ఇంతకంటే పెద్ద తప్పు ఆమె జీవితంలో చేసి ఉండదని నేననుకుంటాను.

మా వాళ్ళకొక పాడు అలవాటుంది. చావు కబురు మొహం మీద చెప్పరు. దూరాన ఉన్నవాళ్ళకయితే అసలే చెప్పరు. ఏదో వంక పెట్టి మనిషిని మెల్లగా తోలుకొచ్చి, గుమ్మం దాకా తెచ్చి నిలబెడతారు. గుమ్మం దగ్గరి జనాన్ని చూసి మనిషి తనంతట తనే గ్రహించాలి. దీనికి దయ అని పేరు. సవోదత్ మొగుడు రష్యాలో మేడ కడుతూ పడి చనిపోయినప్పుడు ఆమెకీ ఈ దయే దక్కింది. ఊరందరికీ తెలిసిన మూడు రోజులకి గానీ ఆమెకి తెలియలేదు. ఆ మూడు రోజుల్లో ఆమె రెండు పెళ్ళిళ్ళలో పాడింది. ఆ పాటలు విని చప్పట్లు కొట్టినవాళ్ళని ఆమె ఏళ్ళ తరబడి తిట్టుకుంది. అంత అనుభవం ఉన్న మనిషి చేసిన పని ఇది.

ఆమెకి చిన్నప్పటి స్నేహితురాలు సోరా. సోరా అక్క హోజర్‌ని సమర్కంద్‌లో ఇచ్చారు. కారెక్కితే గంటన్నర దారి. కానీ అది వేరే దేశం, మధ్యలో సరిహద్దు మూసేశారు. అక్కాచెల్లెళ్ళు పదహారేళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేదు, ఫోనులో గొంతు విని సరిపెట్టుకున్నారు. చలికాలం చివర్లో హోజర్ పోయింది. ఆమె కొడుకు ఫర్రుఖ్ ఆ కబురు పిన్నికి కాకుండా సవోదత్‌కి చెప్పాడు. దారే లేనప్పుడు చెప్పి ఏం లాభం, గుండె జబ్బు మనిషి అన్నారందరూ. సోరా ఫోను చేసినప్పుడల్లా అమ్మకి గొంతు పట్టేసిందని ఫర్రుఖ్ అబద్ధమాడుతూ వచ్చాడు. ఇంతలో, ఎవరూ అనుకోకుండా దారి తెరిచారు.

ఫర్రుఖ్ మళ్ళీ ఫోను చేశాడు. "గురువారం నలభయ్యో రోజు, సవోదత్ పెద్దమ్మా. మధ్యాహ్నం నమాజు కాగానే ఖురాన్ చదివి భోజనాలు పెడతాం. ఆ వేళకి పిన్ని ఇక్కడ ఉండి తీరాలి. అమ్మ ఆఖరిదాకా ఆవిడ కోసమే గుమ్మం వైపు చూసింది. దార్లో నువ్వే మెల్లగా చెప్పు. నీ నోటితో చెబితే తట్టుకుంటుంది."

"నాకొదిలెయ్ నాయనా," అంది సవోదత్.

గురువారం పొద్దున్నే సవోదత్, సోరా, బడిపంతులమ్మగా చేసి మానేసిన ముఖర్రమ, ముగ్గురూ టాక్సీ ఎక్కారు. ముఖర్రమకీ విషయం తెలుసు. సోరా ఎర్రా పసుపూ చారల కొత్త పట్టు గౌను తొడుక్కుని, ఒళ్ళో ఎండు ఆప్రికాట్ల సంచి పెట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. మా వైపు చావింటికి నీలం బట్టలతో వెళ్తారు. సవోదత్ కూడా పెద్దపెద్ద గులాబీలున్న గౌను తొడుక్కొచ్చింది. ముఖర్రమ ఒక్కతే బూడిదరంగు వేసుకుంది.

"ఏమే ముఖర్రమా, పరీక్ష పేపర్లు దిద్దడానికి పోతున్నావా?" అంది సోరా. "మా అక్క నిన్ను చూసి పాఠం అప్పజెప్పమంటావేమోనని దాక్కుంటుంది."

సవోదత్ పగలబడి నవ్వింది. సరిహద్దు దాటేదాకా నవ్వు ఆగలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే సిపాయిని పట్టుకుని, "మా ముగ్గురిలో కన్నెపిల్ల ఎవరో చెబితే ఆప్రికాట్లు పెడతాం," అంది. వాడూ నవ్వాడు. చెప్పడానికి అది చోటు కాదని సవోదత్ తనకి తాను చెప్పుకుంది. ఊళ్ళోకి వెళ్ళాక నీడ చూసుకుని కూర్చోబెట్టి చెబుదామనుకుంది.

పది గంటలకి సమర్కంద్‌లో దిగారు. సోరా కారు దిగీ దిగగానే, "ముందు అక్క ఇంటికి," అంది.

"ఒట్టి చేతుల్తోనా?" అంది సవోదత్. "పదహారేళ్ళకి పోతూ ఆప్రికాట్లు పట్టుకుపోతావా పిసినారీ? పద, బజారుకి."

ఆ మాట ఎందుకు అందో ఆమెకే తెలియదు. బజార్లో బట్టల కొట్టు ముందు ముఖర్రమ ఆమె మోచెయ్యి గిల్లింది.

"ఇప్పుడు చెప్పు. పదకొండయింది."

"ఇంతమందిలోనా? నువ్వే చెప్పు. ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పావుగా."

"నీకు అప్పజెప్పారమ్మా. నాకు కాదు."

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఆ ఇద్దరూ ఎలకల్లా వాదించుకుంటుంటే, సోరా ఒక ఆకుపచ్చ మఖమల్ గుడ్డని భుజాన వేసుకుని ఇటు తిరిగింది. "మా అక్కది తెల్లటి ఒళ్ళు. ఈ రంగు నప్పుతుందంటారా?"

"రాణిలా ఉంటుంది," అంది సవోదత్.

నాలుగు గజాలు కొలిచి ఇమ్మన్నారు. కత్తెర పట్టుకున్న కొట్టువాడితో సోరా, అక్కకి నడుము దగ్గర కాస్త వెడల్పు కావాలి, ఇంకో అర గజం వెయ్యమంది. సవోదత్ అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా, "ఐస్‌క్రీం తిందాం, ఎండ మండిపోతోంది," అంది. ఎండ మండడం లేదు.

తరవాత అంతా అలాగే నడిచింది. ఒక్కొక్క చోటా చెబుదామనే ఆగడం, చెప్పలేక ఇంకో చోటికి పరిగెత్తడం. రిగిస్తాన్ చౌకులో పాత మదర్సాల ముందు ఫొటోలు తీసుకున్నారు. సవోదత్ ఒక జర్మను ముసలాయన టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుని, చేతిసంచినే డప్పు చేసి వాయిస్తూ పాడింది. యాత్రికులు గుండ్రంగా మూగి చప్పట్లు కొట్టారు. సోరా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "చచ్చిపోతానే, ఆపవే! ఈ సంగతులన్నీ అక్కకి చెప్పాలి," అంది. సవోదత్ జేబులో ఫోను కొట్టుకుంది. ఫర్రుఖ్. ఆమె దాన్ని నొక్కేసింది. సోరా నవ్వడం చూసి, ఇంకో గంట నవ్వనీ పాపం, మళ్ళీ ఎన్నాళ్ళకి నవ్వుతుందో అనుకుంది. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి పేరు దొరుకుతుంది.

మధ్యాహ్నం నమాజు వేళకి వాళ్ళు షాహీ జిందా సమాధుల మెట్ల దగ్గర ఉన్నారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మెట్ల లెక్క ఒకటే వస్తే మొక్కు నెరవేరుతుందని మా వాళ్ళ నమ్మకం. సోరా వేళ్ళు ముడుస్తూ, మోకాలు పట్టుకుంటూ ఎక్కింది. దిగుతూ ముప్పై దగ్గర తడబడింది.

"మళ్ళీ ఎక్కాలి," అంది.

"వద్దు సోరా, టైమయిపోయింది," అంది ముఖర్రమ. ఏడుపు గొంతుతో అంది.

"ఏ టైమే? మా అక్క ఎక్కడికి పోతుంది? నా కోసం పలావు వండించి కూర్చుని ఉంటుంది," అని సోరా మళ్ళీ ఎక్కింది. ఈసారి లెక్క సరిగ్గా వచ్చింది. కిందికొచ్చి, ఆయాసపడుతూ, "అక్కకి గొంతు రావాలని మొక్కుకున్నా," అని చెప్పింది.

ముఖర్రమ సమాధుల గోడ వైపు తిరిగి నిలబడింది. సవోదత్ నోరు తెరిచింది. చల్లటి నీళ్ళు తాగుతావా అని అడిగింది.

పాతపేటలోని ఆ సందులోకి వాళ్ళ కారు తిరిగేసరికి మూడున్నర దాటింది. గుమ్మం బయట బల్లలు వరసగా పేర్చి ఉన్నాయి. రెండు పెద్ద దేగిసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. నీలం బట్టల ఆడవాళ్ళు ఇద్దరు అరుగు మీద గిన్నెలు తుడుస్తున్నారు. సోరా కారు దిగి, ఆకుపచ్చ గుడ్డ పొట్లం చంకన పెట్టుకుని, నవ్వుమొహంతోనే నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు వెయ్యలేదు.

ఫర్రుఖ్ నల్లటి టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. పిన్ని గౌను చూశాడు. ఆమె వెనకనున్న గులాబీల గౌను చూశాడు. దార్లో ఎవరూ ఏమీ చెప్పలేదని అతనికి అర్థమయిపోయింది.

"రెండున్నర దాకా అందరినీ ఆపాం పిన్నీ," అన్నాడు. "ఇమాంగారికి ఇంకో ఇంట్లో చదవాల్సింది ఉండి వెళ్ళిపోయారు. జనమూ లేచి వెళ్ళారు. నీ పళ్ళెం ఆఖరిదాకా ఉంచాం."

"ఎన్నో రోజు?" అంది సోరా.

"ఇవాళ్టికి నలభై."

సోరా కింద పడుతుందని గిన్నెలు తుడిచే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పడలేదు. ఆవిడ తన నీలం కండువా తీసి సోరా పట్టుబట్టల మీద కప్పింది. సవోదత్ అప్పుడు గొంతెత్తి, రెండు చేతులతో గుండె బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. చూడటానికి అక్కడ అందరికంటే ఎక్కువ దుఃఖం ఆమెదే అనిపించింది.

సోరా వెనక్కి తిరిగింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

సవోదత్ ఏడుపు ఆపి, "మొదటి రోజు నుంచీ," అంది. "నీ గుండె కోసమే, సోరా. మెల్లగా చెబుదామనీ..."

"ఇవాళ నలభై అనీ తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఈ గులాబీలు తొడుక్కొచ్చావా?"

"నీకు అనుమానం రాకూడదనీ..."

సోరా కాసేపు ఆ గౌను వంకే చూసింది. "నీ మొగుడు పోయినప్పుడు నీతో పాడించారని పదేళ్ళు నా ఒళ్ళో పడి ఏడ్చావు. ఇవాళ మా అక్క నలభయ్యో నాడు నన్ను వీధుల్లో పట్టుకు తిప్పి నవ్వించావు. పదహారేళ్ళు సర్కారు దారి మూసింది. తెరుచుకున్న దారి నువ్వు మూశావు. వాళ్ళనయినా క్షమిస్తానేమో గానీ..."

మాట పూర్తి చెయ్యకుండా లోపలికి వెళ్ళింది. ఫర్రుఖ్ సవోదత్‌ని రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ముఖర్రమ తల వంచుకుని సోరా వెనకే లోపలికి పోయింది. ఆమె బట్టలు బూడిదరంగువి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. సవోదత్ మాత్రం గులాబీల మీద చేతిసంచి అడ్డం పెట్టుకుని, కడిగి బోర్లించిన దేగిసాల పక్కన, చీకటి పడేదాకా వీధిలోనే నిలబడింది.