అపటైటు మీద గీత

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నేను విజయనగరంలో, గనుల శాఖలో సహాయ భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేస్తున్నాను. జూలైలో ఒక ఉదయం, చీపురుపల్లి దగ్గర వదిలేసిన మాంగనీసు గోతిలో మరకతం దొరికిందని, జనం ఎగబడి తవ్వుతున్నారని తహసీల్దారు కబురు పెట్టారు. తనిఖీ చేసి నివేదిక ఇమ్మని మా పై అధికారి ఆదేశం.

నేను వెళ్లేసరికి నలభై మంది దాకా గునపాలతో గోతిలో ఉన్నారు. వాళ్ల తలల మీదికి గోడ వాలి ఉంది. వానకు నాని పగుళ్లిచ్చింది. బయటికి రమ్మని అరిచాను. రాయిని ప్రభుత్వం కాజేయడానికి వచ్చిందని ఎవరో అన్నారు. తవ్వకం ఆగలేదు.

రాయి దొరికింది అప్పలనరసమ్మకు. కట్టెపుల్లలకు వెళ్లి చూసిందట. కొంగుముడి విప్పి చూపించింది. వేలెడు పొడవు, ఆరు పలకలు, అద్దంలాంటి ముఖాలు, లేత ఆకుపచ్చ. అంత మంచి స్ఫటికాన్ని నా సర్వీసులో చూడలేదు. అయితే అది మరకతం కాదు, అపటైటు; ఎరువులకు పనికొచ్చే ఫాస్ఫేటు ఖనిజం. మరకతం మీద చాకు గీత పడదు, దీని మీద పడుతుంది.

నమూనా పాడవకుండా, అడుగున విరిగిన చోట గీసి చూపించాను. గోతిలోంచి ఒకాయన ఒప్పుకోలేదు.

"అడుగు మెత్తగుంటాది బాబూ! పైన గీసి సూపండి."

మరకతం కాకపోయినా ఖనిజాలు సేకరించేవాళ్లు దానికి మంచి ధర ఇస్తారని, పైన గీస్తే ఎవరూ ముట్టరని నరసమ్మకు చెప్పాను.

"మా మావ ఆ గోతిలోనే ఉన్నాడు. ఇంకా ఏటి సూస్తన్నారు? గీసీండి," అంది.

అన్నిటికంటే బాగున్న ముఖం మీద గీశాను. తెల్లటి గీత స్పష్టంగా పడింది. రాయి గోతిలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లింది. ఒక్కొక్కరూ గీతను గోటితో తడిమి, గునపం భుజాన వేసుకుని పైకి వచ్చారు. నరసమ్మ భర్త అందరికంటే చివర వచ్చాడు.

మూడో రోజు గోడ కూలింది. "ప్రాణనష్టం లేదు, నమూనాకు నష్టం" అని నివేదికలో రాశాను. పై అధికారి రెండో ముక్క కొట్టేశారు.

ఎవరైనా కొంటారేమో చూడమని నరసమ్మ అడిగితే స్ఫటికాన్ని శ్రీకాకుళంలో ఖనిజాలు సేకరించే ఒక అధ్యాపకుడికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇలా గీసిన మనిషి ఎవరని అడిగారు. నేనేనన్నాను. ఆయన కూర్చోమనలేదు.

భూగర్భ శాస్త్రవేత్తకు రుజువు ఎక్కడ గీసినా రుజువే. గోతిలో ఉన్నవాళ్లకు మాత్రం వాళ్లు చూపిన చోటే గీయాలి.