పెద్దమ్మ రాయించిన కట్నం

మా పెద్దమ్మ బ్యాంకు ఖాతా మూడేళ్లుగా నా చేతిలో ఉంది. ఆమె ఉండేది హన్మకొండలో, నేనుండేది పుణెలో. పిల్లలు లేని మనిషి. పెద్దనాయన పోయాక వచ్చే పింఛను సంగతి నేను చూసుకుంటానని అందరి ముందూ గొప్పగా ఒప్పుకున్నాను. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, బీపీ గోలీలు అన్నీ ఆఫీసులో టీ తాగుతూ ఫోన్‌లోనే కట్టేస్తాను. చేతిఖర్చుకు కావలసింది కింది వాటాలో ఉండే టీచరమ్మకు పంపితే, ఆమె నోట్లు తెచ్చి ఇస్తుంది.

నాకు కొంచెం పెత్తనం ఎక్కువ. "ఆటోకు మూడొందలా? యాడికి పోయినవ్?" అని నిలదీసేదాన్ని. ఆమె ఏ మాత్రం జంకేది కాదు. "దవాఖానకు పోయిన. వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తిన్న. రాసుకో" అనేది. నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేసేదాన్ని. ఆ మనిషంటే నాకు ప్రాణం.

పోయిన ఎండాకాలం నర్సంపేటలో పెద్దనాయన చెల్లెలి మనవరాలి పెళ్లి. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ వెళ్లలేకపోయింది. "వెయ్యి నూటపదార్లు కట్నం రాయించు బిడ్డా, మర్వకు" అని ముందు రోజే చెప్పింది. మా వైపు పెళ్లిళ్లలో ఒకాయన పుస్తకం పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎవరు ఎంత కట్నం చదివించారో రాసుకుని, పేరు మైకులో చదువుతాడు.

మీటింగు మధ్యలో ఆ సంగతి గుర్తొచ్చింది. పింఛను డబ్బు కదపడం ఎందుకు, నేనే ఇచ్చేస్తే పోతుంది కదా అనుకుని, నా ఖాతాలోంచి పెళ్లికూతురు తండ్రికి పంపేశాను. మంచి పని చేశానని మురిసిపోయాను కూడా.

రెండు రోజులకు పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆడబిడ్డ చెప్పిందట.

"నీ పేరు రాసిండ్రట గదనే."

"ఎవరి పేరైతేంది పెద్దమ్మా, కట్నం ముట్టింది కద. నీ పైసలు మిగిలినయ్."

"నీ పైసలు ఎవలడిగిండ్రు? మీ పెద్దనాయన పోయినంక గూడ, ఎవలితోనన్న ఆయన పేరే రాయించిన. మాకు పిల్లల్లేరు. ఆయన పేరు చెప్పెటోళ్లు లేరు. గా బుక్కుల గూడ లేకుంటె ఇగ ఆ మనిషి లేనట్టేనానే?"

నాకు సిగ్గేసింది. పెళ్లికూతురు తండ్రికి ఫోన్ చేసి పేరు మార్చమంటే, "దానికేందమ్మా, మనమంత ఒకటే కద" అని నవ్వేశాడు. ఆయనకు అది చిన్న సంగతి. పెద్దమ్మ ఫోన్ వచ్చేదాకా నాకూ అంతే.

కొన్నాళ్లకు హన్మకొండ దగ్గర్లోనే, ధర్మసాగర్‌లో ఇంకో పెళ్లి వచ్చింది. ఈసారి సెలవు పెట్టి రైలెక్కాను. పెద్దమ్మను బ్యాంకుకు తీసుకెళ్లి, ఆమె సంతకంతోనే డబ్బు తీయించాను. పట్టుచీర కట్టుకుని ఆటోలో దర్జాగా కూర్చుంది. పెళ్లి దగ్గర ఎవరెంత పిలిచినా బంతి భోజనానికి కూర్చోలేదు. నా భుజం పట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికే నడిచి, కవరు ఇచ్చింది.

"ఎవరి పేరు మీద రాయాలె అమ్మా?" అన్నాడు రాసేవాడు.

పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను తెల్లబోయి చూశాను. యాభై ఏళ్లు కాపురం చేసిన ఆమె నోట మొగుడి పేరు నేను ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తట్టింది నాకు.

"నువ్వు చెప్పాలెనే" అంది మెల్లగా.

ఇంటిపేరుతో సహా పెద్దనాయన పేరు చెప్పాను. అతను రాసుకుని, మైకులో చదివాడు. పెద్దమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది.

"సరిగ్గ ఇనవడలే నాయినా" అంది. "ఇంకొక్కసారి సదువు."