పసుపు పెట్టిన పోర్టు

మిరపకాయలు మా ఇంటి వాకిట్లోనే ఎండబోస్తాం. దొంగల భయానికి ఈ ఏడు కెమెరా పెట్టించాను. దాని వైరు కిటికీలోంచి లోపలికి తెచ్చి, పక్కనే గూట్లో ఉన్న నెట్ డబ్బాకు తగిలించారు. వాకిలి నా ఫోన్‌లో కనిపించాలి. పగలంతా కనిపించేది. తెల్లవారుతుంటే మాత్రం బొమ్మ పోయేది. ఎండ ఎక్కాక తనంతట తానే వచ్చేది.

డబ్బా ఆపి మళ్లీ వేశాను. పాస్‌వర్డ్ మార్చాను. కొత్త వైరు తెచ్చాను. కంపెనీకి ఫోన్ చేస్తే, ఏ లైట్లు వెలుగుతున్నాయో చూసి చెప్పమంది ఒకమ్మాయి. చెప్పాను. అన్నీ బాగానే ఉన్నాయంది. బాగుంటే నీకెందుకు ఫోన్ చేస్తానమ్మా అని పెట్టేశాను.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. బొమ్మ పోయే వేళ, మా ఆవిడ లేచి వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లే వేళ. దసరా అయిన కొన్నాళ్లకే, కాయ ఏరడం మొదలవకముందే ఆమె చనిపోయింది. ఫోటో తీస్తానంటే చీపురు అడ్డం పెట్టుకునే మనిషి. కెమెరా కన్ను మూస్తున్నది ఆమేనని అనిపించేది. భయం వేయలేదు. బాగు చేయించాలని తిరుగుతూనే, బాగవకూడదని కోరుకున్నాను. ముసలోడికి మతి తప్పిందంటే అననీ.

చండ్రుగొండ నుంచి మెకానిక్ వచ్చాడు. వైరు ఊడదీసి, డబ్బాను వెలుతురులో పెట్టి చూశాడు.

"కాకా, గీ పోర్టుల పసుపు ఎండి ఉంది. పొద్దుగాల మంచుకు చెమ్మగిల్లితే కనెక్షన్ పోతది, ఎండకు ఆరంగనే వస్తది. ఎవరు పెట్టిండ్రు?"

దసరానాడు ఆమె ట్రాక్టరుకు, మందు కొట్టే పంపుకు, కుట్టు మిషనుకు, మిక్సీకి పసుపు కుంకుమలు పెట్టి, చివరికి ఈ డబ్బా దగ్గరికి వచ్చింది. దీనికి కూడానా అని నవ్వాను. "ఇంట్ల పని చేసేటియన్నిటికి పెట్టిన. గిదొక్కటి ఏం పాపం చేసింది?" అంటూ తడి పసుపు వేలితో అద్దింది. అప్పుడు ఖాళీగా ఉన్న ఆ పోర్టు మీదే వేలు పడినట్టుంది.

అంటే చేసింది ఆమే. నా మతి ఏమీ తప్పలేదు. ఏడుపు ఆగలేదు.

మెకానిక్ బ్రష్ తీశాడు. వద్దని చేయి పట్టుకున్నాను. అతను వైరును పక్క పోర్టులో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి బొమ్మ పోలేదు. తెల్లవారుతుంటే వాకిలి మొత్తం కనిపించేది. మంచు, పట్టా కప్పిన మిరప కుప్ప, గోడకు ఆనించిన చీపురు. మనిషి లేదు. దొంగ రాలేదన్న నిమ్మళం కన్నా, ఆమె రాలేదన్న దిగులే నన్ను తినేసింది.

నిన్న సాయంత్రం వైరు తీసి, మళ్లీ పసుపు ఉన్న పోర్టులోనే పెట్టాను. ఇవాళ తెల్లవారుతుంటే బొమ్మ పోయింది. మంచం మీదే పడుకుని వాకిట్లోకి చెవులు రిక్కించాను. తలుపు తీసి చూడలేదు.